గంటా పది నిమిషాల మద్రాసు

విమానాల వేళలు అచ్చువేసిన కాగితం ఎక్కడ కనిపించినా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బెంగళూరు నుంచి మద్రాసుకు నూట డెబ్బై చిల్లర మైళ్లు, గంటంబావు. ఎంత శుభ్రంగా ఉంటుందో ఆ లెక్క!

అరవైల మొదట్లో బెంగళూరు తరగుపేటలో మాది చింతపండు మండీ. ఒక మధ్యాహ్నం పక్క కొట్టు ఫోనులో మద్రాసు నుంచి బావ మాట్లాడాడు. అమ్మ పోయాక నన్ను పెంచిన అక్కకు మర్నాడు పదకొండుకు కడుపు ఆపరేషన్.

"నిన్ను చూడందే బల్ల ఎక్కనంటా ఉండాది. ఈ రాత్రి రైలుకే వచ్చేయప్పా."

రైలెక్కితే తెల్లవారేసరికి అక్కడ ఉండేవాణ్ణి. కానీ ఆ సాయంత్రం కోలారు ఆసామి సరుకు కొనడానికి వస్తానన్నాడు. నా నోటితో తప్ప ఆ బేరం తెగదని నా గొప్ప. విమానం టికెట్ల ఆఫీసుకు పోయాను. పొద్దున ఏడుంబావుకు ఒకటి ఉంది.

"ఎంతసేపు పడతాదన్నా?"

"గంటంబావు."

"ఒక గంట చేసుకోరాదా?"

నా చొక్కా వాసన పట్టినట్టున్నాడు, గుమాస్తా నవ్వాడు. "ఇది చింతపండు కాదప్పా. గాలి మనవైపుంటే గంటా పది."

ఐదు నిమిషాలు తగ్గించానని మీసం దువ్వుకుంటూ మండీకి తిరిగొచ్చాను. కోలారు ఆసామి రానే లేదు.

బస్తా తూచి, గోనె బరువు తీసేసి, లోపలి సరుకుకే ధర కట్టడం మా పని. విమానాన్నీ అలాగే తూచాను. ఆకాశంలో ఉండే సేపే సరుకు, మిగతాదంతా గోనె!

ఆ గోనె బరువు మర్నాడు తెలిసింది. ఊరవతలి విమానాశ్రయానికి బస్సు, అక్కడ పెట్టె తూకానికి వరస, ఆపైన మంచు. దారి కనిపించేదాకా విమానం కదలదన్నారు. ఎనిమిదయింది, తొమ్మిదయింది.

"గంటంబావన్నారు కదయ్యా!" అని కౌంటరు మీద గుద్దాను.

"ఎగిరినాక గంటంబావే సార్," అన్నాడు అక్కడి మనిషి, చల్లగా.

పదికి ఎగిరింది. సరిగ్గా గంటా పది నిమిషాల్లో దింపారు. ఆ నిజాయితీ చెంప పగలగొట్టాలనిపించింది. అక్కణ్ణుంచి టాక్సీ, మధ్యలో మూసిన రైల్వే గేటు. డ్రైవరును తిట్టాను, గేటును తిట్టాను.

ఆసుపత్రి వరండాలో బావ ఒక్కడే ఉన్నాడు.

"పదకొండు దాకా తలుపువైపే చూస్తా ఉండె. 'వాడు యాడో బేరంలో ఉంటాడులే, పదండి' అని తానే నగి లోపలికి పోయింది."

అక్క ప్రాణంతో బయటికి రాలేదు.

బావ నన్ను ఆ రోజూ, ఆ తర్వాతా ఒక్క మాట అనలేదు. అని ఉంటే మంచును అడ్డం పెట్టుకునేవాణ్ణి, గేటును చెప్పేవాణ్ణి, తప్పును కాస్తయినా తగ్గించుకునేవాణ్ణి. ఆ ఒక్క బేరానికి మాత్రం నాకు ఎదుటి మనిషి దొరకలేదు.