నూట యాభై ఒకటో బిళ్ళ

యిర్మియా నోరు తెరిస్తే అంకెలే. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన కనబడితే చాలు, గోదావరిఖని జనం పక్క సందులోకి తప్పుకునేవారంటే నమ్మండి. దొరికారా, అయిపోయారే! గ్రీకులో ఒక్కో అక్షరానికి ఒక్కో విలువ ఉంటుందని, అవి కూడితే పేరుకో నంబరు వస్తుందని మొదలుపెట్టి అన్నం వేళ దాటించేవాడు. మనిషి మాత్రం మంచివాడు. ఆ పిచ్చి అంటుకోకముందు అంత నమ్మకస్తుడు ఆ గనిలో లేడనేవారు.

మొదట్లో బొగ్గు నింపే ఫిల్లరు. కాలు దెబ్బతిన్నాక పైన ల్యాంపు రూములో డ్యూటీ ఇచ్చారు. గనిలోకి దిగే ప్రతి కార్మికుడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. అది ఇచ్చి, అదే నంబరున్న దీపం తీసుకుని దిగాలి. రెండు నంబర్లూ కలవకపోతే మేనేజరొచ్చి చెప్పినా యిర్మియా దీపం ఇచ్చేవాడు కాదు. తీసుకున్న బిళ్ళను గోడకున్న మేకుకు తగిలించేవాడు. మనిషి పైకొచ్చి దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకునేవాడు. షిఫ్టు ముగిశాక ఒక్క బిళ్ళ వేలాడుతున్నా లోపల ఎవరో ఉండిపోయారన్నమాట. ఆ మనిషి పైకొచ్చేదాకా యిర్మియా కదిలేవాడు కాదు. ఇంట్లో భార్య మార్తమ్మ వండిన అన్నం చల్లారిపోయేది.

తర్వాత కొత్త మెషీన్లు వచ్చి బిళ్ళలు మూలకు పడ్డాయి. ఆయన రిటైరైన రోజు శాలువాతో పాటు ఆయన పాత బిళ్ళనే గుర్తుగా చేతిలో పెట్టారు. దాని మీద నూట యాభై ఒకటి.

ఆ తర్వాతే ఒకరోజు ఫోనులో గ్రీకు అక్షరాల విలువలు చూస్తూ, సరదాకి భార్య పేరు కూడాడు. మ్యూ నలభై, ఆల్ఫా ఒకటి, రో వంద, థీటా తొమ్మిది, చివర మళ్ళీ ఆల్ఫా ఒకటి. నూట యాభై ఒకటి! ఒళ్ళు జల్లుమంది. అన్నేళ్ళూ గని చీకట్లోకి తను మార్తమ్మ పేరు పట్టుకునే దిగాడా? పరుగెత్తుకెళ్ళి చూపిస్తే ఆమె కూడా నోటి మీద చెయ్యేసుకుంది. అంతే, ఆనాటి నుంచి ఇంట్లో ఏ కాగితం మిగల్లేదు. క్యాలెండరు వెనక, కరెంటు బిల్లు వెనక, అన్నిచోట్లా కూడికలే. మొదట గ్రీకులో రాసిన సువార్తల మధ్య అక్కడక్కడ యేసు మాట్లాడిన అరామిక్‌లోనే మిగిలిపోయిన మాటలుంటాయి. ఆ అక్షరాలకూ విలువలున్నాయి, ఆయన వాటినీ వదల్లేదు.

ఇంతలో మార్తమ్మకు గర్భసంచిలో గడ్డ ఉందని తేలింది. జల్ది తీసెయ్యాలని, నాన్చితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ తారీఖు ఇచ్చింది. యిర్మియా ఊరుకుంటాడా? ఆమె పేరును అరామిక్‌లో కూడాడు. ఆరువందల నలభై ఒకటి వచ్చింది. గ్రీకు లెక్కతో అది ఏ దారినా పొసగలేదు.

"కలుస్తలేదు మార్తా. గ్రీకు బిళ్ళయితే అరామిక్ దీపం. రెండు కలవకుండ నిన్నెట్ల పంపుదు?"

"నేనేమన్న గనిలకు దిగుతున్ననా?"

"మత్తిచ్చి పండవెడ్తరు. దిగుడు గాకపోతే ఏంది అది?"

చూడండి చోద్యం! నలుగురి ప్రాణాలు కాపాడిన పద్ధతే ఇంటిదాని ప్రాణానికి అడ్డం పడింది. ఆ తారీఖు తప్పించాడు. డాక్టరమ్మ కోప్పడి ఇంకో తారీఖిస్తే అదీ తప్పించాడు. మార్తమ్మ మొదట బతిమాలింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత మాట్లాడడం మానేసింది. ఒప్పుకుందిలే అనుకున్నాడు మహానుభావుడు.

డాక్టరమ్మ మూడోసారి ఇచ్చిన తారీఖు వచ్చిన పొద్దున ఆయన పెద్దపల్లి బస్సెక్కాడు. అక్కడ గ్రీకు చదువుకున్న పాస్టరును అడిగితే ముడి వీడుతుందని ఆశ. దారి పొడుగునా ఒళ్ళో కాగితాలు పరుచుకుని, సువార్తలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథలో అక్షరాలు లెక్కపెట్టాడు. పాస్టరు అంతా ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు.

"అమ్మగారికి ఎట్లున్నది?"

"ఇంట్ల ఉన్నది, మంచిగనే ఉన్నది" అనేసి తిరుగు బస్సెక్కాడు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరితే తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. పక్కన వరండా గోడకు చొక్కాలు తగిలించే మేకుకు ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది.

 పెట్టెలో శాలువా మడతలో ఉండాల్సిన బిళ్ళ! అది అక్కడెందుకుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మార్తమ్మ దిగిపోయింది. నంబర్లు కలవకుండానే, దీపం లేకుండానే, తనకు చెప్పకుండానే దిగిపోయింది. గడప మీద కూలబడ్డాడు.

పక్కింటి సదయ్య ఆటో వచ్చి ఆగింది.

"బావా, ఎక్కు. అక్కను పొద్దుగాలనే దవాఖానకు తీస్కపోయిన. సంతకం ఆమెనే పెట్టుకున్నది. లోపలికి తీస్కపోయిండ్రు."

బిళ్ళను గుప్పిట పట్టుకుని ఆటోలో పడ్డాడు. ఆపరేషన్ గది ముందు నిలబడ్డ కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఇన్ని రోజులు రక్తం పోతుంటే ఇంట్ల కూసోవెట్టుకున్నరా? ఒంట్లో ఏం మిగల్లేదు. గడ్డ తీసినం, రక్తం ఎక్కిస్తున్నం. తెలివొచ్చేదాకా ఏం చెప్పలేను."

"ఎన్ని రోజుల నుంచి పోతున్నదమ్మా?" అన్నాడు యిర్మియా.

డాక్టరమ్మ నిర్ఘాంతపోయింది. "నన్నడుగుతున్నరా? ఒక్క ఇంట్లనే గదా ఉండేది!"

యిర్మియా జేబులో ఉన్న కాగితాల్లో ఆ కథలోని స్త్రీకి ఎన్నేళ్ళో ఉంది. తన ఇంట్లో మనిషికి ఎన్నాళ్ళో ఆయనకు తెలియదు. చీరలు నానబెట్టిన బకెట్టు రోజూ దాటుకుంటూనే పోయాడు. సిగ్గుతో తల గోడకేసి కొట్టుకున్నాడు.

"ఏమన్న తిందువు రా బావా" అని సదయ్య చెయ్యి పట్టి లాగాడు.

"బిళ్ళ నా చేతుల్నే ఉన్నది. ఎట్లొస్తరా?" అన్నాడు. ఎంత లాగినా కదల్లేదు.

పొద్దు వాలుతుండగా వార్డులోకి రానిచ్చారు. మార్తమ్మ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కళ్ళు తెరిచి ఆయన్ను చూసింది. చెయ్యి చాపింది. యిర్మియా ఆ చేతిలో బిళ్ళ పెట్టాడు.

"ఎప్పటి నుంచి పోతున్నది, మార్తా?"

"నువ్వు మొదటి తారీఖు తప్పిచ్చిన కాంచి."

"నాకు చెప్పకపోతివి!"

"చెప్పిన. కూడుతుంటివి."

ఆయన మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు, బావురుమన్నాడు. మార్తమ్మ బిళ్ళను గుప్పిట్లో మూసుకుంది.

"పైకొచ్చిన గదా. ఇగ ఇంటికి పొయ్యి అన్నం తిను" అంది.