తాత నాకోసం మిగిల్చింది

...నిన్న రాస్తా రాస్తా ఆడికే ఆపేసినా. తాత పోయినాడని నాయన ఫోన్ చేసినప్పుడు నేను మదనపల్లెలో కాలేజీ ల్యాబ్ బయట నిలబడిండా. నేను ముందు అడిగింది, "అక్క పక్కనుండిందా?" అని. ఉండిందంట. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది. ఇది ఈ కాగితానికి మటుకే సెప్తాండా.

పుంగనూరులో మా ఇంటి వెనకాల తాత పొట్టి ఆవుల్ని మేపుతాండె. బడికి పోలేదు. కొమ్ము మీద గీట్లు వేలితో తడిమి, ఎన్ని ఈతలు ఈనిందో సెప్పేస్తాడు.

అక్క కుప్పంలో ఆ ఆవుల మీదే పీహెచ్‌డీ చేస్తాండాది. మొదటి ఏడు ఇంటికొస్తే తాతకే జీన్స్, బ్రీడ్ అని పాఠం సెప్పేది. తాత "అట్నా తల్లీ" అని ఆవుకు తవుడు కలపను పోతాండె. నాలుగో ఏటికి అక్క మారిపోయింది. పేడ పక్కనే కూసోని ఒకటడిగి గమ్మునుంటాది. "తెలీదు తాతా, నువ్వే సెప్పు" అంటాది. నోటుబుక్కులో రాసుకున్యాక తాతకే సదివి వినిపిస్తాది. ఆయన తప్పంటే ఆ రాసింది కొట్టేస్తాది.

"తెలీదని సెప్పేదానికి ఇన్నేండ్లు సదవాల్నా?" అని తాత ఎగతాళి చేసె. మళ్ళా నా తట్టు తిరిగి, "ఇప్పుడొచ్చిందిమ్మా దీనికి సదువు" అన్యాడు.

నాకు లోపల కుళ్ళు. నేను క్లాస్ ఫస్ట్ వచ్చినప్పుడు "మంచిదిమ్మా" అని ఊరుకున్యాడు. యూనిఫాంకు వాసనొస్తాదని నేను ఆవుల కాడికే పోలేదులే. అయినా తాత నావాడనుకున్యా. అందుకే పోయిన నెల అక్క నోటుబుక్కు తీసి నా బట్టల కింద దాసినా. రెండ్రోజులు ఎతుక్కోనీ, మళ్ళా పెట్టేద్దామని. ఆ రెండ్రోజుల్లోనే తాత పోయినాడు.

అక్క అడిగితే తెలీదన్యా. తను ఆ మాట అంటే నిజం, నేనంటే అబద్ధం. "బుక్కు పోతే పోనీమా, ఆ మాటలు మళ్ళా ఎవుర్ని అడిగేది" అని అమ్మతో అంటాంటే విన్యా. అప్పటినుంచి భయం.

ఇయ్యాల దాన్ని ఆఖరిదాకా సదివినా. అక్క రాసిన ఆఖరి పేజీలో ఇట్లుండాది: "ఏ దూడను ఇంట్లో పెట్టుకోవాల్నో తాత నాకు సెప్పలేదు. అది సిన్నదానికంట. అది వచ్చి అడిగితే సెప్తాడంట."

నేను అడగలేదు. ఆ మాట కూడా అక్కకే సెప్పినాడు సూడు.

వెనకాల ఖాళీ పేజీల్లోనే ఇదంతా రాస్తాండా. తలుపు కొడతాండారు. అక్కే. నేను రాసిన కాగితాలు చింపి దిండు కింద పెట్టేస్తాండా. నోటుబుక్కు మటుకు మంచం మీదే ఉంచినా, ఆఖరి పేజీ తెరిచి, అంచున తాత బొటనేలి తవుడు మరక