ఎడంచేతి ముద్ద

నేను ఎడంచేతిదాన్ని. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. తిరుపతిలో రైల్వేస్టేషనుకు ఎదురు సందులో ఒక లాడ్జి కౌంటరు నాది. రూము తాళంచెవి ఎడంచేత్తో అందిస్తే కొండకు పోయే భక్తుల ముఖాలు ఎలా మాడిపోతాయో రోజూ చూస్తుంటాను. "ఏందమ్మా, దేవుడి దగ్గరికి పోతా ఉంటే ఎడంచేత్తో ఇస్తావే?" అంటారు. "కుడిచేత్తో ఇస్తే క్యూ తగ్గిపోతుందా సామీ?" అంటాను. కొందరు నవ్వుతారు. కొందరు ఓనరుకు చెప్తారు. ఓనరు నాకు చెప్పడం మానేసి చాలా కాలమైంది.

చిన్నప్పుడు నాకు ఇంత నోరు లేదు. అన్నానికి కూర్చోగానే మా అవ్వ నా ఎడంచేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసేది. కుడిచేత్తో సంగటి ముద్ద ఎత్తితే నోటి దాకా వచ్చేలోపు సగం ఒళ్ళో పడేది. దానికి మళ్ళీ తిట్లు. బళ్ళో అయ్యవారు స్కేలు నిలువుగా పట్టుకుని కణుపుల మీద కొట్టేవాడు. 'రొడ్డచెయ్యి' అనేది నాకు పేరు కింద అయిపోయింది. పెళ్ళిళ్ళలో వడ్డించడానికి పిలిచేవాళ్ళు కాదు. పసుపు కుంకుమ పళ్ళెం నా దగ్గరికి వచ్చేలోపే పక్కకు మళ్ళేది. ఆ కోపం ఇంకా నాలో ఉంది. దాచుకోవాల్సిన అవసరం నాకేమీ కనబడదు.

మూడో తరగతిలో అనుకుంటా, అద్దెకు పుస్తకాలిచ్చే అంగట్లో పిల్లల మాసపత్రిక ఒకటి తెచ్చుకున్నాను. అందులో బొమ్మల కథ. రాక్షసుడి గుహకు బయల్దేరుతున్న కొడుక్కి తల్లి గుమ్మంలో కూర్చుని అన్నం పెడుతూ ఉంది. కుడిచేతిలో పళ్ళెం. ఎడంచేతిలో ముద్ద. ఆ ముద్ద తిని ఆ పిల్లోడు పోయి రాక్షసుణ్ణి చంపి వచ్చేశాడు! ఎడంచేతి అన్నం తిన్నవాడికి ఏ శనీ పట్టలేదు, ఏ పాపమూ తగల్లేదు. నేను పుస్తకం ఎత్తుకుని వంటింట్లోకి పరిగెత్తాను. "సూడవ్వా, సూడు, ఆయమ్మ కూడా నా మాదిరే!" అన్నాను. అవ్వ కళ్ళు చికిలించి చూసింది. "ఆ బొమ్మ గీసినోడికి బుద్ధి లేదు," అని పుస్తకం అవతల పారేసింది.

లోకంలో ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి నా వైపు ఉన్నాడని నాకు ఆరోజు తెలిసింది. ఆ బొమ్మ గీసినవాడు. పేరు తెలియకపోయినా, గీతను బట్టి పోల్చుకునే ఆయన బొమ్మలంటే అప్పటినుంచి నాకు ప్రాణం.

మా తమ్ముడికీ ఈ పిచ్చి నానుంచే అంటింది. వాడు సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఇద్దరం అసలు బొమ్మలు పోగు చేస్తాం. అసలు బొమ్మ అంటే పుస్తకంలో అచ్చయింది కాదు. అచ్చుకు పోకముందు చిత్రకారుడు చేత్తో గీసిన అట్ట. పేజీ కంటే పెద్దదిగా ఉంటుంది. నల్లసిరా కింద నీలం పెన్సిలు గీతలు ఇంకా కనబడుతుంటాయి. గీత తప్పిన చోట తెల్లరంగు పూసి పైన మళ్ళీ గీసి ఉంటారు. మాటలు విడిగా అచ్చు కొట్టి, కత్తిరించి, బంకతో అంటించి ఉంటారు. అచ్చు పని అయిపోతే ఆ అట్టలతో ఎవరికీ పని లేదు. ప్రెస్సులు మూతపడినప్పుడు కట్టలు కట్టలుగా పాత కాగితాల్లోకి పోయాయి. అక్కడ ఏరుకున్నవే మావి. ఇంట్లో బీరువాలో వేపాకు వేసి పెట్టుకున్నాం.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం తమ్ముడు చెన్నై నుంచి ఫోన్ చేశాడు. పాత పుస్తకాల అంగడి ముందు నిలబడి ఉన్నాడు.

"అక్కా, నీ బొమ్మ దొరికింది."

"ఏ బొమ్మరా?"

"నీ బొమ్మే. ముద్ద పెట్టేది."

కౌంటరు ముందు ఒక పెళ్ళివాళ్ళ గుంపు రూముల కోసం నిలబడి ఉంది. వాళ్ళ ముందే ఏడ్చాను. ఎవరో పోయారనుకుని వాళ్ళు బేరం కూడా ఆడలేదు.

అట్ట చేతికొచ్చాక గొడవ మొదలైంది. తమ్ముడు దాన్ని గ్రేడింగుకు పంపుదామన్నాడు. దానికని కంపెనీలున్నాయట, బొమ్మను పంపితే వాళ్ళు భూతద్దం పెట్టి చూస్తారట. మూల నలిగిందా, మరక ఉందా, ఎవరైనా తరవాత చెయ్యి పెట్టారా అని లెక్కలు తీసి, పదికి ఇన్ని అని మార్కు వేస్తారట. వేసి, గట్టి ప్లాస్టిక్కు డబ్బాలో పెట్టి సీలు చేసి పంపుతారట. ఇంక ఎవరూ ముట్టుకోవడానికి లేదు.

"బళ్ళో నా చేతిరాతకు సున్నాలు ఏసినోళ్ళు చాలరా? ఇప్పుడు నా బొమ్మకు యాడివాడో మార్కులు ఏస్తాడా?" అన్నాను.

"అట్ల కాదక్కా. బంక అట్టను తింటా ఉండాది. పురుగు పట్టింది సూడు ఈ మూల. నువ్వూ నేనూ పోయినంక దీన్ని ఎవురు సూస్తారు? డబ్బాలో ఉంటే బతుకుతాది."

వాడికి డబ్బు యావ లేదు, నాకు తెలుసు. వాడి భయం నిజమైనదే. కానీ వేళ్ళకు తగలని బొమ్మ నాకెందుకు? ఆ తెల్లరంగు మీద వేలు పెడితే చిన్న గట్టులా తగులుతుంది. ఆయన ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ సర్దుకున్నాడో వేలికి తెలుస్తుంది. నెలరోజులు పోట్లాడుకుని, చివరికి పురుగు పేరు చెప్పి వాడే గెలిచాడు.

అయితే ఒక చిక్కు వచ్చింది. బొమ్మ మీద సంతకం లేదు. ఆ పత్రికలో బొమ్మలేసినవాళ్ళ పేర్లే వేసేవాళ్ళు కాదు. గీసినాయన తన నోటితో 'నాదే' అని చెప్తేగాని గ్రేడింగువాళ్ళు ఒప్పుకోరట. తమ్ముడు వాళ్ళనూ వీళ్ళనూ పట్టుకుని ఆరా తీశాడు. ఆయన బతికే ఉన్నాడు. మనకు బస్సుదూరంలో, చిత్తూరులో, డ్రాయింగు మాస్టరుగా రిటైరై ఉన్నాడు! పత్రిక మద్రాసుది కాబట్టి ఇన్నేళ్ళూ ఆయనా అక్కడే ఎక్కడో ఉంటాడనుకుంటూ బతికాను నేను.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. అట్టను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను.

పెద్దాయన మిద్దె మీద వరండాలో పంచె, బనీనుతో కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. చెయ్యి మాత్రం వణకడం లేదు. దుప్పటి విప్పి బొమ్మ ముందర పెట్టాను. ఆయన ముఖంలో సంతోషం వస్తుందని చూస్తున్నాను. రాలేదు.

"ఇదింకా సావలేదా?" అన్నాడు.

తమ్ముడే అడిగాడు, "ఎందుకయ్యా అట్లంటారు?" అని.

"ఆ చెయ్యి సూడప్పా. ఎడంచేత్తో కొడుక్కి కూడు పెడతా ఉండాది తల్లి. ఎంత మంది తిట్టినారో తెలుసునా? ముందు పల్చటి కాగితం మీద బొమ్మ ఏసుకుంటాం గదా. పిల్లోడు పక్క బొమ్మ తట్టు సూడాల, వాడేమో ఇటు సూస్తా ఉండాడు. బొమ్మ పంపాల్సిన మద్రాసు బస్సుకు టైమైపోయింది. కాగితం బోర్లించి, రుద్ది, అట్ట మీదికి దించేసినా. బోర్లిస్తే అంతా తిరగబడతాది, కుడి ఎడమైపోతాది. పైట గుర్తొచ్చింది, సరిచేసినా. చెయ్యి గుర్తుకు రాలా."

అంటే పొరపాటు. నా వైపు నిలబడిన ఒకే ఒక్క మనిషి నా వైపు నిలబడనే లేదు. ఆయనకు టైము లేదు, అంతే. అరిచి ఏడవాలనిపించింది.

పెద్దాయన ఇంకా చెప్తున్నాడు. "అది మా యమ్మ మొగం. పుస్తకం రాంగానే తీసకపోయి సూపించినా. సూసి, 'నీకు నేను ఎప్పుడన్నా ఎడంచేత్తో పెట్టినానా నాయనా?' అనింది. ఇంకొక మాట అనలా. ఆయమ్మ పోయింది గానీ ఆ మాట పోలా." అంటూ లేచి లోపలికిపోయాడు. తెల్లరంగు సీసా, సన్న కుంచె, సిరా తెచ్చుకుని కూర్చున్నాడు. "దేవుడు తెచ్చిచ్చినట్టు తెచ్చినావమ్మా. ఒక్క గంటలో సరిచేసిస్తా."

తమ్ముడు ఎగిరిపడ్డాడు. "అయ్యా, వొద్దు! ఇప్పుడు రంగు తగిలితే చెడగొట్టిన బొమ్మ అంటారు. గ్రేడు రాదు!"

"గీసింది నేను. నా చెయ్యి తగిల్తే చెడిపోతాదా?"

"అది వాళ్ళ రూలయ్యా."

"నోరు ముయ్‌రా!" అన్నాను తమ్ముడితో. నాకు ఒళ్ళు మండిపోయింది. "గీసినాయన చెయ్యి తగిలితే చెడిపోతుందని చెప్పేవాడు నా బొమ్మకు మార్కులు ఏసేవాడా? వాడి డబ్బా వాడి దగ్గరే పెట్టుకోమను."

పెద్దాయన సంతోషంగా కుంచె ముంచాడు. తల్లి చేతి మీదికి తెచ్చాడు. అప్పుడు నేనే బొమ్మలోని ఆ చేతి మీద నా అరచెయ్యి పెట్టి మూసేశాను. ఎడంచెయ్యే.

"వొద్దు సామీ," అన్నాను.

ఇప్పుడే తమ్ముణ్ణి అన్ని మాటలన్నాను గదా, ఇప్పుడు నేనూ వాడూ ఒకే గట్టున ఉన్నాం. వాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కానీ నేను చెయ్యి తియ్యలేదు. తువ్వాలు, స్కేలు, పుస్తకం పట్టుకుని పరిగెత్తింది, అవ్వ పారేసింది, అన్నీ చెప్పాను. "మీకు అది తప్పే. నాకు మాత్రం దాంతోనే ధైర్యం వచ్చింది. దాన్ని తుడిచేస్తే నేను ఊరుకోను," అన్నాను.

పెద్దాయన నా చేతి వంక చూశాడు. "బాగుండాదమ్మా. నీకు నచ్చిందని మా యమ్మ ఇంకా ఎన్నేళ్ళు ఎడంచేత్తో పెట్టాల?"

ఆయన అమ్మ. ఆయన గీత. న్యాయం ఆయన పక్కనే ఉంది.

"చెయ్యి తియ్‌మ్మా."

"తియ్యను."

ఆయన కోప్పడలేదు. "నీకు బిడ్డలుండారా?" అన్నాడు.

"కూతురు ఒకతే."

"ఏ చేత్తో పెట్టినావు దానికి?"

"ఎడంచేత్తోనే. దానికేమీ కాలేదు. బ్రహ్మాండంగా ఉంది."

ఆయన నవ్వాడు. వచ్చినప్పటినుంచి అదే మొదటి నవ్వు. "అయితే ఒక పని చేస్తాం. చెయ్యి నీది. మొగం మా యమ్మది. చెయ్యి నీకు ఇడిచిపెడతా. మొగం నాకియ్యి."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది, వాళ్ళమ్మ ముఖాన్ని బొమ్మలోంచి తుడిచేస్తానంటున్నాడని. ఆ ముఖం కూడా నాకు ఇష్టమే. అవ్వ తిట్టినప్పుడల్లా నేను తలుచుకున్నది చేతిని ఒక్కదాన్నే కాదు, ఆ ముఖాన్ని కూడా. కానీ నాకు కావలసింది నేను మొండిగా తీసుకుంటే, ఆయనకు కావలసింది ఇవ్వకపోవడం ఏం మర్యాద? "అక్కా, ఆలోచించుకో," అని తమ్ముడు గొణిగాడు. నేను ముఖం మీద మాత్రం అడ్డం లేకుండా చెయ్యి కిందికి జరిపాను.

ఆయన కుంచె ఆ ముఖం మీద తెల్లగా పాకింది. కళ్ళు పోయాయి. ముక్కు పోయింది. పోతూ ఉంటే ఆయన "అమ్మా" అన్నాడు, మెల్లగా, ఎవరికీ వినబడదనుకుని.

రంగు ఆరేదాకా ఆయన విసనకర్రతో అట్టకు విసిరాడు. తర్వాత ఆయన కుర్చీని వెలుగు వైపు లాగి, "ఇట్ల కూర్చో. కళ్ళద్దాలు తీ. ఇది రాజుల కాలం కథ," అన్నాడు.

"నేనా?"

"ఎడంచేత్తో పెట్టే తల్లి ఈడ ఇంకెవురుండారు?"

తమ్ముడు తల పట్టుకుని గోడకానుకున్నాడు. "అయిపాయె," అన్నాడు. నేను కళ్ళద్దాలు తీసి కూర్చున్నాను. ఆయన నన్ను చూస్తాడు, అట్టను చూస్తాడు, మళ్ళీ నన్ను చూస్తాడు. పెన్ను అట్ట మీద గీరుతున్న చప్పుడు వినబడుతోంది. నాకు ఏడుపొస్తోంది, ఏడవకూడదని దవడలు బిగబట్టాను. బొమ్మ పాడవుతుందేమోనని, "కొంచెం నవ్వమంటారా సామీ?" అని అడిగాను.

"నవ్వాకు," అన్నాడు ఆయన, పెన్ను ఆపకుండా. "ఆ కోపం అట్లనే ఉండనీ తల్లీ. రాక్షసుడి మీదికి కొడుకును పంపేది, నవ్వతా పెడతాదా కూడు?"