నుదుట బొట్టున్న క్యాచర్

అమెరికాలో ఆటగాళ్ల బొమ్మలు అచ్చేసిన బేస్‌బాల్ కార్డులు పోగేసేవాళ్లకి కొదవలేదు. అందరూ పెద్ద పెద్ద ఆటగాళ్ల వెంట పడతారు. నేను పడను. నా డబ్బాలో ఉన్నవాళ్లంతా ఏడాది పొడుగునా ఎవరికీ పట్టనివాళ్లు. అక్టోబర్‌లో ఒక్క ఆటలో మాత్రం ఊరు ఊరంతా వాళ్లని నెత్తిన పెట్టుకుంది. ఆ తరవాత మళ్లీ ఎవరికీ పట్టలేదు. నా డబ్బాలో చోటు కావాలంటే అదొక్కటే అర్హత. మా ఆయన దీనికి ‘అనామకుల సంఘం’ అని పేరు పెట్టాడు. పెట్టుకోనీ. ఆయన మోజుపడి కొన్న గోల్ఫ్ కర్రలు గరాజ్‌లో బూజు పట్టిపోతున్నాయి, నేనేమన్నా అన్నానా?

ఈ ఆట తెలియనివాళ్లకి ఒక్క ముక్క చెప్పాలి. వేసవంతా జట్లు దాదాపు రోజూ ఆడుతూనే ఉంటాయి. చివరికి మిగిలిన కొన్ని జట్లు అక్టోబర్‌లో కప్పు కోసం తలపడతాయి. అప్పుడేమవుతుందంటే, కోట్ల జీతం తీసుకునే మొనగాడు చేతులెత్తేస్తాడు. బ్యాటు పట్టుకోవడం కూడా సరిగ్గా రాదని పేరుపడ్డవాడెవడో వెళ్లి బంతిని జనం మధ్యలోకి కొట్టి వస్తాడు. మన క్రికెట్‌లో పదకొండో నంబరువాడు ఆఖరి ఓవర్లో సిక్స్ కొట్టినట్టన్నమాట. నా దగ్గర అలాంటి వాళ్లున్నారు. చిన్న లీగు నుంచి ఆ వారమే బస్సెక్కి వచ్చి, వణుక్కుంటూనే అవతలి జట్టునంతా ఇంటికి పంపిన బౌలర్ ఉన్నాడు. ముందురోజు చేతిలో పడ్డ బంతిని జారవిడిచి ఊరందరితో తిట్లు తిని, మర్నాడు అదే ఊరిని గెలిపించినవాడున్నాడు. వీళ్ల కార్డులు దొరకడం మహా కష్టం. మొనగాళ్ల కార్డుల్ని జనం అద్దాల పెట్టెల్లో దాచుకుంటారు. వీళ్లవి మాత్రం పిల్లలు సైకిల్ చక్రాలకి కట్టుకుని, చిరిగాక చెత్తలో పారేశారు. విలువ లేని వస్తువుని ఎవరూ దాచరు, అందుకే దొరకదు.

ఇలాంటి మనిషిని నేను మొదటిసారి చూసింది పార్సిప్పనీలో, కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్‌హౌస్‌లో. అప్పటికింకా పెళ్లి కాలేదు. ప్రాజెక్ట్ కోసం ఎదురుచూసే ఆడపిల్లలం ఒకే గదిలో నేలమీద పరుపులు పరుచుకుని పడుకునేవాళ్లం. వంటకి వంతులు. ఎవరికైనా ఫోన్ ఇంటర్వ్యూ వస్తే మిగతావాళ్లం కుక్కర్ ఎక్కించకుండా ఆగేవాళ్లం, విజిల్ అవతలివాళ్లకి వినపడుతుందని. ఇంటర్వ్యూ అయిన అమ్మాయి మొహం చూసి, ఆ రోజు పప్పా పాయసమా అని తేల్చుకునేవాళ్లం. ఒక్కొక్కరే సూట్‌కేసు సర్దుకుని వెళ్లిపోయారు, ఒకమ్మాయి డల్లస్, ఒకమ్మాయి మోరిస్‌విల్. నేను మాత్రం మిగిలిపోయాను. ఫోన్‌లో ఎవరైనా ప్రశ్న వేస్తే చాలు, తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఆగిపోయేది. నెలాఖరులోగా ప్రాజెక్ట్ రాకపోతే ఇండియాకి టికెట్ బుక్ చేసేస్తామని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పేశారు. అది చెప్పిన మధ్యాహ్నం ఏం చెయ్యాలో తోచక టీవీ పెట్టుకుని కూర్చున్నాను. అక్టోబర్ ఆట ఏదో వస్తోంది.

ఆటగాడొకడు గాయపడితే, బదులుగా ఒక లావుపాటి క్యాచర్, అంటే మన వికెట్‌కీపర్ లాంటివాడు, బ్యాటు పట్టుకుని దిగాడు. సీజనంతా బెంచీ మీదే కూర్చున్నాడట. కామెంటరీ చెప్పేవాళ్లు నవ్వుతున్నారు. అతను మొదటి బంతికి గాల్లోకి ఊపాడు. రెండో దానికీ అంతే. ఇంకోటి తప్పితే అవుట్. అప్పటినుంచి వచ్చిన ప్రతి బంతినీ ఎలాగోలా తాకించి పక్కకి తోసేస్తూనే ఉన్నాడు. ఆ బౌలర్‌కి విసుగొచ్చింది గానీ ఈయనకి రాలేదు. చివరికి బంతి వెళ్లి గోడ అవతల పడింది, హోమ్ రన్. ఒక్క రూలూ తెలియని నేను సోఫాలోంచి లేచి కేకలు పెట్టాను. పక్క అపార్ట్‌మెంట్‌వాళ్లు గోడమీద కొట్టారు. కొట్టుకోండి పొమ్మన్నాను.

మర్నాడు ట్రాయ్‌లోని ఒక కంపెనీతో ఫోన్ ఇంటర్వ్యూ. మొదటి ప్రశ్న తప్పు చెప్పాను, రెండోదీ తప్పే. మామూలుగా అయితే అక్కడితో నా పని అయిపోయేది. ఆ రోజు మాత్రం పట్టు వదల్లేదు. తెలియనిది తెలియదన్నాను, తెలిసింది తడుముకోకుండా చెప్పాను. ఉద్యోగం వచ్చింది. ఆ క్యాచర్ ఇప్పించాడని నేననను. చదివింది నేను, చెప్పింది నేను. కానీ ఎలా నిలబడాలో ముందురోజు కళ్లారా చూశాను, అది అబద్ధం కాదు.

అలా మొదలైన డబ్బా ఇది. విచిత్రమేమిటంటే మిగతావాళ్లంతా దొరికారు గానీ ఆ క్యాచర్ కార్డు మాత్రం ఏళ్ల తరబడి దొరకలేదు. కిందటేడు వేసవి చివర్లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వాకిట్లో పెట్టి అమ్ముతున్న చెప్పుల డబ్బాలో కనిపించింది. మచ్చ లేదు, మడత లేదు. ఆ ఆనందం చల్లారకముందే ఇంకో కబురు తెలిసింది. మా ఊరి పక్కనే ఒక హోటల్ హాల్లో కార్డుల ప్రదర్శన, పాత ఆటగాళ్లు వచ్చి సంతకాలు చేస్తారు, వాళ్లలో ఈయనా ఉన్నాడు. దసరా వెళ్లిన శనివారం. నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది. శుభ్రమైన ఆ కార్డు మీద ఆయన సంతకం పడాలి, అంతే. ఇన్నేళ్లు వెతికింది దానికోసమే.

అప్పుడు మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. గుంటూరు నుంచి ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు. ఆయుధపూజ నాడు పొద్దున్నే హాల్లో బల్ల తుడిచి, “పూజకి పెట్టాల్సినయ్యన్నీ ఇక్కడ పెట్టండర్రా, మళ్లీ నన్ను వెతుక్కోమనొద్దు” అన్నారు. మా ఆయన కారు తాళాలు పెట్టాడు. నేను లాప్‌టాప్ పెట్టి, మీటింగ్ ఉందని ఫోన్ పట్టుకుని పైకి పరిగెత్తాను. సంతకం ఎక్కడ పడితే బావుంటుందో చూద్దామని ప్లాస్టిక్ కవర్లోంచి తీసిన కార్డు ఆ లాప్‌టాప్ మీదే ఉండిపోయింది.

మీటింగ్ అయ్యాక కిందికొచ్చాను. కారు చక్రాల కింద నిమ్మకాయలు, మిక్సీకి బొట్టు, కత్తిపీటకి బొట్టు, లాప్‌టాప్ మూతకి బొట్టు. కార్డు మీద క్యాచర్‌కి సరిగ్గా నుదుటి మధ్యన, తడి గంధం మీద అద్దిన కుంకుమ బొట్టు.

“అయ్యయ్యో అత్తయ్యా! ఎంత పని చేశారు!”

“ఏందమ్మాయ్, బొట్టు పెడితే అంత గగ్గోలు పెడతావు?”

దూది తెచ్చి తుడవబోయాను. ఎందుకు తుడిచానా అనిపించింది. గంధం కాస్త పోయింది గానీ కుంకుమ ముక్కు దాకా కారింది. మా ఆయన వచ్చి కార్డు చేతిలోకి తీసుకుని, పైకీ కిందికీ తిప్పి చూసి నోరు నొక్కుకున్నాడు. “ఇది పట్టుకెళ్లి ఆ మనిషి ముందు పెడితే సెక్యూరిటీని పిలుస్తారు. నుదుట్లో బుల్లెట్ దిగినట్టుంది” అన్నాడు. నిజమే. మనకి బొట్టు, వాళ్ల కంటికి నెత్తురు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అత్తయ్యతో ఆ పూటంతా మాట్లాడలేదు. ఆవిడా ఊరుకున్నారు గానీ, ప్రసాదం గిన్నె మాత్రం నా బల్ల మీద పెట్టి వెళ్లారు. పులిహోర మీద కోపమెందుకని తినేశాను.

శనివారం పొద్దున్న కార్డు కవర్లో పెట్టి బయల్దేరాను. ఉన్నదే ఒక కార్డు, ఉన్నదే ఒక అవకాశం. బొట్టుంటే ఉంది, నోరుంది కదా చెప్పుకోవడానికి. “నేనూ వస్తా, ఇంట్లో కూచోని ఏం చేసేది” అంటూ అత్తయ్య పట్టుచీర కట్టుకుని ముందే కార్‌లో కూర్చున్నారు.

హాలంతా జనం. ఒక పేరున్న ఆటగాడి బల్ల ముందు వరస గుమ్మం దాటిపోయింది. మా క్యాచర్ బల్ల ముందు ఒక్కరూ లేరు. జుట్టంతా నెరిసింది, అప్పటికన్నా ఇంకా లావయ్యాడు. పక్కన ప్రదర్శన వాళ్ల తరఫున ఒకావిడ కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. కార్డు బోర్లా పెట్టి వెనకవైపు సంతకం అడుగుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఛీ, నేనేమన్నా దొంగతనం చేశానా? బొట్టు కనపడేలాగే పెట్టాను.

ప్రదర్శన ఆవిడ మొహం మాడిపోయింది. “మేడమ్, ఏమిటిది?” అంటూ కుర్చీలోంచి లేచింది. ఆయన చెయ్యెత్తి ఆవిణ్ని ఆపాడు. కళ్లజోడు పెట్టుకుని కార్డుని దగ్గరగా చూశాడు.

“నా మీద ఎవరికో చాలా కోపం ఉన్నట్టుంది” అన్నాడు.

“అయ్యో, కాదండీ!” అని మొత్తం గబగబా ఇంగ్లీషులో చెప్పేశాను. ఏడాదికోసారి మాకు తిండి పెట్టే పనిముట్లన్నిటికీ పూజ చేస్తామని, కారుకీ కంప్యూటర్‌కీ బొట్టు పెడతామని, ఇదిగో ఈవిడే మా అత్తగారని, పొరపాటున మీకూ పెట్టేశారని.

ఆయన అత్తయ్య వైపు చూశాడు. “నేనేం పనిముట్టుని? నాకెందుకు పెట్టారు?” అని అడిగాడు.

ఆ మాట నేనూ అత్తయ్యని అడగలేదు. అరవడంతోనే సరిపోయింది. ఎందుకు పెట్టారు, పొరపాటునేనా అని ఇప్పుడు అడిగాను.

“పొరపాటున కాదు, చూసే పెట్టా” అన్నారు అత్తయ్య. “ఆఫీసులో ఏదన్నా గొడవైన రోజున ఆ డబ్బా తెచ్చి ముందేసుకుని కూచుంటావు. ఈయన కార్డు దొరికినకాడ్నించీ ఈయన్నే పైన పెట్టుకుని చూస్తావు. కాసేపయ్యాక లేచి నీ పని నువ్వు చేసుకుంటావు. కంప్యూటర్‌కి పెట్టి ఈయనకి పెట్టకపోతే ఎట్టా?”

ఆవిడ వచ్చినప్పటినుంచి వంటింట్లో తన పని తను చూసుకుంటున్నారనుకున్నాను. నన్నింతగా గమనిస్తున్నారని నాకేం తెలుసు? ఆవిడ మాటలు ఆయనకి ఇంగ్లీషులో చెప్పాను. గెస్ట్‌హౌస్ సంగతి, ఆ మధ్యాహ్నం ఆట, మర్నాటి ఇంటర్వ్యూ, అవన్నీ కూడా చెప్పాను.

ఆయన వంగి బల్ల కింద పెట్టెలోంచి ఒక కార్డు తీశాడు. అదే కార్డు, కొత్తది, అంచులు కూడా అరగలేదు. “నా దగ్గర ఇవి చాలా ఉన్నాయి, అడిగేవాళ్లు లేరు. సంతకం చేసి ఇది నీకిస్తాను. ఆ బొట్టున్నది నాకిస్తావా?”

వారమంతా నేను కోరుకున్నది అదే. మచ్చలేని కార్డు, దాని మీద ఆయన సంతకం. ఆయనే చేతికి అందిస్తున్నాడు.

“ఇవ్వనండీ” అన్నాను.

ప్రదర్శన ఆవిడ నోరు తెరిచింది. ఆయన కనుబొమ్మలెత్తి, “రెండిస్తాను” అన్నాడు. తల అడ్డంగా ఊపాను. “నా పాత బ్యాటు ఇంట్లో ఉంది, అది కూడా ఇస్తాను.” “సారీ అండీ. ఇది నాది. ఏమిచ్చినా మార్చుకోను.”

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు, మధ్యలోనే నవ్వు ఆగిపోయింది. “నేను ఆడిన రోజుల్లో ఎన్ని జట్లు మారానో నాకే గుర్తులేదు” అన్నాడు. “ఏదో జట్టువాళ్లు వచ్చి నన్నిమ్మని అడిగేవారు, మా జట్టువాళ్లు ఇచ్చేసేవారు. ఒకసారైతే నాకు బదులు ఎవరొస్తారో తేలకుండానే పంపించేశారు. నువ్వు చూసిన ఆ హోమ్ రన్ కొట్టాక వచ్చిన చలికాలం కూడా అంతే. నన్నిమ్మని అడిగితే ‘ఇవ్వం’ అన్నవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు.”

అత్తయ్య నా మోచేయి పొడిచారు. “ఏమంటన్నాడే?”

“అన్ని జట్లవాళ్లూ అడిగినవాళ్లకల్లా తనని ఇచ్చేశారట అత్తయ్యా. ఇవ్వనన్నది మనమేనట.”

“ఎట్టా ఇస్తాం?” అన్నారు అత్తయ్య, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. “మనవాడు కదా.”

ఆ మాట ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. పెన్ను తీసుకుని బొట్టుకి తగలకుండా కింద నెమ్మదిగా సంతకం చేశాడు. కార్డు నా వైపు జరిపాడు గానీ, దాని మీంచి వేలు మాత్రం వెంటనే తియ్యలేదు.