మోహనలో మధ్యమం

మా అక్కయ్య సంగీతం ఆగిపోయింది నా వల్ల. ఈ మాట చెప్పుకోవలసిన వాళ్ళకి చెప్పలేదు. ఇప్పుడు వాళ్ళెవరూ లేరు.

ఏలూరులో కాలువ దగ్గర ఫొటో స్టూడియో మేడ మీద ఒక ఫిడేలు మేష్టారు పాఠాలు చెప్పేవారు. ఎండ ఎక్కాక ఫొటోలకి జనం వచ్చేవారు. అంతవరకూ ఆ గది ఆయనది. రాజభవనం మెట్ల బొమ్మ వేసిన తెర ముందు చాప పరుచుకుని కూర్చునేవారు. అక్కయ్య రెండేళ్ళు అక్కడే నేర్చుకుంది. పెద్దమనిషయ్యాక నాన్నగారు ఆ మేడ మెట్లు ఎక్కనివ్వలేదు. రోజూ మా ఇంటికి రావడానికి మేష్టారికి మోకాళ్ళ నొప్పులు. అందుకని నన్ను పంపారు. నేను పాఠం విని, మరిచిపోకుండా దారంతా గొణుక్కుంటూ వచ్చి పాడి వినిపించాలి. అక్కయ్య దాన్ని ఫిడేలు మీద పలికించేది. నాకప్పుడు పదకొండేళ్ళు.

మోహన రాగంలో వర్ణం చివరికొచ్చింది. ఆఖరి స్వరం, అంటే చివర వచ్చే సరిగమల వరుస, చెప్పే రోజున కొల్లేటి పడవలు వచ్చాయని కాలువ గట్టు మీద నిలబడిపోయాను. గంపల్లో కొర్రమేనులు ఇంకా ఎగిరిపడుతున్నాయి. తేరుకునేసరికి మేడ మీద ఫొటోల వాళ్ళు చేరిపోయారు. వట్టి చేతులతో ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లక, దారిలో నేనే ఒక స్వరం కట్టేశాను.

అక్కయ్య విని ఆగింది. "మోహనలో మధ్యమం ఉండదు కదరా?"

"మేష్టారు అలాగే చెప్పారు."

"అయితే సరే" అంది. మేష్టారి మీద తనకి అంత గురి.

మర్నాడు మేష్టారు అసలు స్వరం చెప్పారు. అది ఇంట్లో పాడితే నిన్నటి అబద్ధం బయటపడుతుంది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నోరు మూసుకున్నాను. నెల రోజులు అక్కయ్య నా తప్పునే సాధన చేసింది. పిరికి వెధవని.

కీర్తనలు కూడా నేర్పించమని తను బతిమాలితే నాన్నగారు ఒక షరతు పెట్టారు. మేష్టారు వచ్చి, విని, బాగుందంటే సరే. లేకపోతే ఇక్కడితో ఆపేయాలి.

దసరా సెలవుల్లో మేష్టారు జట్కాలో వచ్చారు. అక్కయ్య వర్ణం మొత్తం బాగా వాయించింది. ఆఖరి స్వరం దగ్గర ఆయన చెయ్యెత్తారు.

"ఈ మధ్యమం ఎక్కడిదమ్మా?"

అక్కయ్య నా వంక చూసింది. అప్పటికి తనకి అంతా తెలిసిపోయిందనుకుంటాను.

"నేనే తప్పుగా పట్టుకున్నానండీ. తమ్ముడు సరిగ్గానే చెప్పాడు" అంది.

"ఒక్క స్వరమే కదండీ, దిద్దుతాను" అన్నారు మేష్టారు, నాన్నగారితో.

"వద్దులెండి. సరిగ్గా చెప్పినా పట్టుకోలేని పిల్లకి ఇంకెందుకండీ?" అన్నారు నాన్నగారు.

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట చాలు. ఆ మాట నా నోట రాలేదు.

మరుసటి ఏడు ముదినేపల్లి దగ్గర ఊరికి అక్కయ్యని ఇచ్చారు. ఫిడేలు మా ఇంట్లోనే ఉండిపోయింది. బండెక్కే ముందు నన్ను పక్కకి పిలిస్తే, ఇప్పుడు అడుగుతుందనుకున్నాను.

"ఫిడేలు అప్పుడప్పుడు తుడుస్తూ ఉండరా, తేమ పట్టేస్తుంది" అంది.

రెండేళ్ళకి వానాకాలం చలిజ్వరంలో పోయింది.

ఇప్పటికీ ఆ ఫిడేలు నేనే తుడుస్తాను. వాయించడం రాదు. తుడుస్తుంటే నేను కట్టిన స్వరమే, మధ్యమంతో సహా, గొంతులోకి వస్తుంది. మేష్టారు చెప్పిన అసలు స్వరం ఎంత గుర్తుచేసుకున్నా రాదు.