ఉత్త ఫ్లాష్

తెనాలిలో ఫోటోగ్రాఫర్లందరూ డిజిటల్ కెమెరాలు కొనేశాక కూడా నేను మూడు నాలుగేళ్లు రీలు కెమెరాతోనే పెళ్లిళ్లు తీశాను. రెండువేల ఐదు, ఆరు ప్రాంతం సంగతి. టీ బడ్డీ దగ్గర కలిసినప్పుడల్లా తోటివాళ్లు ఏడిపించేవారు. "ఏం బావా, ఇంకా ఆ రీలు డబ్బాలే మోస్తున్నావా? మ్యూజియం వాళ్లెవరూ ఇంకా రాలేదా నీకోసం?" అనేవాడు ఒకడు. నాకసలే ముక్కు మీద కోపం. "నువ్వు వెయ్యి కొట్టి అందులో పది ఏరుకుంటావు. నేను పదే కొడతాను. పని ఎవరికొచ్చినట్టు?" అని, టీ సగంలో వదిలేసి వచ్చేసేవాణ్ణి.

కోపం తగ్గాక తీరిగ్గా ఆలోచించినా నా మాటలో తప్పేమీ కనిపించేది కాదు. రీలంటే నాకు నిజంగానే ఇష్టం. డబ్బా మూత తీయగానే వచ్చే వాసన ఇష్టం. రీలు ముందుకు జరిపే లివర్ తిప్పినప్పుడు బొటనవేలికి తెలిసే బిగువు ఇష్టం. ల్యాబ్ నుంచి కవరు చేతికొచ్చేదాకా ఏం పడిందో ఏం పోయిందోనని ఉండే బెంగ కూడా ఇష్టమే. ఆ బెంగ లేని పని నాకు పనిలా అనిపించేది కాదు. చేతిలో ఉన్నవి ముప్ఫై ఆరు ఫోటోలేనని తెలిసినప్పుడు కన్ను వేరేగా పనిచేస్తుంది. తలంబ్రాల దగ్గర పెళ్లికూతురు ఎప్పుడు తల వంచుతుందో, పెళ్లికొడుకు ఎప్పుడు కళ్లు మూసుకుంటాడో ముందే పసిగట్టాలి. డిజిటల్ వాళ్లు ఒకటి కొట్టగానే కెమెరా తిప్పి వెనక చూసుకునేవారు. అలా చూసుకుంటున్నప్పుడు ఎదురుగా జరిగేది వీళ్లకు దొరకదు కదా అని నాకు లోలోపల మహా సంతోషంగా ఉండేది.

ఇదంతా నిజమే. దీనికి ఇంకో పక్క ఉంది. అది మాత్రం టీ బడ్డీ దగ్గర ఎప్పుడూ మాట్లాడుకునేవాళ్లం కాదు.

పెళ్లింట్లో కెమెరా పట్టుకున్నవాణ్ణి ప్రతివాళ్లూ ఆపుతారు. "అన్నయ్యా, మా చంటాడికొకటి కొట్టవా", "బాబూ, మా ముగ్గురికీ కలిపి ఒకటి." అందరికీ కొడితే రీలు చాలదు. కొట్టనంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. అందుకని నాకు పని నేర్పిన గురువుగారు మొదటి ఏడే ఒక కిటుకు చెప్పారు. ఫ్లాష్ వెలుగుతోందో లేదో చూసుకోవడానికి దాని వెనకాల ఒక చిన్న బొత్తం ఉంటుంది. కెమెరా కంటికి ఆనించి, అసలు మీట జోలికి పోకుండా ఆ బొత్తం నొక్కితే చాలు. వెలుగొస్తుంది, రీలు కదలదు. అడిగినవాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు. దీన్ని మేం ఉత్త ఫ్లాష్ అనేవాళ్లం. నేనొక్కణ్ణే కాదు, నాకు తెలిసిన రీలు ఫోటోగ్రాఫర్లందరూ కొట్టేవారు. నేనైతే ఒక్కో పెళ్లిలో ఇరవై ముప్ఫై కొట్టేవాణ్ణి. ఎవరికి అసలు ఫోటో, ఎవరికి ఉత్తది అన్నది ఆలోచించే పనే ఉండేది కాదు, మనిషిని చూడగానే నా చెయ్యే తేల్చేసేది. మేనమామలకూ వియ్యాలవారికీ అసలుది. వంటవాళ్లకూ, ఇరుగుపొరుగుకూ, దూరపు చుట్టాలకూ ఉత్తది.

రేపల్లెలో ఆ పెళ్లి ఎండాకాలంలో జరిగింది. ముహూర్తం పొద్దున పది దాటాక. ప్యాసింజరు వేమూరు చేరేసరికే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. రేపల్లెలో దిగి సంచి విప్పి చూసుకుంటే ఒక రీలు తక్కువ. బయల్దేరే హడావిడిలో స్టూడియో బల్ల మీదే వదిలేసి వచ్చాను. ఇక ఆ రోజంతా నా మీద నాకే చిరాకు. భోజనాలయ్యేసరికి ఐదు ఫోటోలు మిగిలాయి. అప్పగింతలు ఇంకా ఉన్నాయి. తల్లీకూతుళ్లు పట్టుకుని ఏడ్చే ఫోటో లేకపోతే ఆ ఆల్బమ్‌ను ఎవరూ ఒప్పుకోరు. ఆ ఐదూ దానికోసం దాచుకుని, పందిరి వారగా నీడలో నిలబడ్డాను.

అక్కడికి ఒక పెద్దావిడ వచ్చారు. డెబ్బై ఏళ్లు ఉంటాయి. పెళ్లికూతురి తండ్రికి మేనత్త అని, బాపట్ల నుంచి వచ్చానని ఆవిడే చెప్పారు.

"నాయనా, నీకు తీరికైతే నాక్కూడా ఒక ఫోటో తీస్తావా? అందరిలో కాదు. నేనొక్కదాన్నే."

"అలాగేనమ్మా, కూర్చోండి" అని ఒక కుర్చీ లాగాను.

ఆవిడ వెంటనే కూర్చోలేదు. కొంగుతో మొహం తుడుచుకున్నారు. ముడి విప్పి మళ్లీ బిగించుకున్నారు. కూర్చున్నాక, "కళ్లజోడు ఉంచుకోనా, తీసెయ్యనా?" అని అడిగారు.

"తీసెయ్యండమ్మా. ఫ్లాష్‌కి అద్దాలు మెరుస్తాయి."

కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, దాని మీద చెయ్యి కప్పుకుని, నడుం నిటారుగా పెట్టి నా వైపు చూశారు. నేను కెమెరా ఎత్తాను. వెనక బొత్తం నొక్కాను. వెలుగొచ్చింది.

"బాగా వచ్చిందంటావా?"

"చాలా బాగా వచ్చిందమ్మా."

"మా అమ్మాయికి చూపించాలి. వాళ్ల అత్తగారికి ఒంట్లో బాగోక ఈ పెళ్లికి రాలేకపోయింది."

"ఆల్బమ్‌తో పాటే వస్తుందమ్మా" అనేసి, లోపల అప్పగింతలు మొదలవుతుంటే అటు పరిగెత్తాను. తిరుగు ప్యాసింజరు ఎక్కేసరికి ఆవిడ సంగతే మర్చిపోయాను.

కార్తీకంలో ఒక రోజు స్టూడియో తలుపులు తీస్తూనే ఒకామె వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి, కళ్లజోడు, భుజాన సంచి. బాపట్లలో స్కూల్లో టీచరునని చెప్పింది. "రేపల్లె పెళ్లి ఫోటోలు మీరే తీశారటగదండీ. వాటి నెగెటివులు ఉన్నాయాండి?" అని అడిగింది.

నాకు హుషారు పుట్టుకొచ్చింది. "ఎందుకుండవమ్మా! పదిహేనేళ్ల కిందటివి అడగండి, ఐదు నిమిషాల్లో తీసిస్తాను. రీలు గొప్పతనమే అది. ఆ డిజిటల్ వాళ్లనడగండి, కంప్యూటర్ చెడిపోయిందంటారు. నా దగ్గర ఫోటో పోవడమన్న మాటే లేదు."

ఆమె ఊపిరి పీల్చుకుంది. "అమ్మయ్య. మా అమ్మ ఫోటోకోసం వచ్చానండీ. పోయిన నెల అమ్మ పోయింది. ఆ పెళ్లిలో మీరు తనకి విడిగా ఒక ఫోటో తీశారటండీ. ఆల్బమ్‌లో లేదు. సరే, నెగెటివ్‌లో ఉంటుంది గదా అని."

ఎవరా అమ్మ అని అడగాల్సిన పనే లేకపోయింది. ఎదురుగా అదే నుదురు, అదే గడ్డం.

"వేరే ఫోటోలేం లేవామ్మా?" అన్నాను.

"లేవండీ. నా పెళ్లికి నాన్న లేరు. పీటల దగ్గరికి రానని అమ్మ వంటింట్లోనే ఉండిపోయింది. ఓటరు కార్డు మీద ఒకటుందిగానీ, అది మా అమ్మంటే నేనే నమ్మను." నవ్వబోయింది, నవ్వు రాలేదు.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. ఆదివారానికి వెతికి ఉంచుతానమ్మా అన్నాను. ఆమె దండం పెట్టి వెళ్లింది. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

లేదని తెలిసిన ఫోటోకోసం ఆ మధ్యాహ్నం నెగెటివులన్నీ తీసి, కింద లైటున్న అద్దం బల్ల మీద పరిచాను. వెనక గుంపులో ఎక్కడైనా ఆవిడ పడి ఉంటే బాగుండునని ఆశ. భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూస్తున్నాను. జీలకర్ర-బెల్లం పెట్టే ఫోటోలో, ఆఖరి వరసలో, ఒక మొహం మీద రెండు నల్ల చుక్కలు కనిపించాయి. నెగెటివ్‌లో తెలుపు నల్లగా ఉంటుంది. ఫ్లాష్‌కి మెరిసిన కళ్లజోడు అది. తర్వాత తలంబ్రాల ఫోటో చూశాను. అందులో ఎడం పక్క స్తంభం వెనకాల అవే రెండు చుక్కలు. కాళ్లు కడిగే ఫోటోలో తలుపు దగ్గర. భోజనాల బంతిలో ఒక మూల. మొత్తం ఏడు ఫోటోల్లో దొరికారు ఆవిడ. ఆ ఏడింటిలోనూ మిగిలినవాళ్లందరూ పెళ్లి వైపు చూస్తున్నారు. ఆవిడొక్కరే నా వైపు చూస్తున్నారు. నేను కెమెరా ఎటు తిప్పితే అటు వచ్చి, ముందుకు రావడానికి మొహమాటపడి, వెనకాలే నిలబడ్డారన్న మాట. పొద్దుటి నుంచీ అలా చూసి చూసి, చివరికి పందిరి నీడలో నోరు తెరిచి అడిగారు.

కన్ను, చూపు అని అందరి దగ్గరా గొప్పలు చెప్పుకునేవాణ్ణి. రోజంతా నాకెదురుగా ఉన్న మనిషి నాకు కనిపించలేదు. సిగ్గేసింది.

ఉన్నంతలో మంచిది తలంబ్రాల ఫోటో. అందులో ఆవిడ మొహం ఆవగింజంత ఉంది. ల్యాబ్‌లో దగ్గరుండి దాన్ని పెద్దది చేయించాను. ఇసక చల్లినట్టు గరుగ్గా వచ్చింది. మొహం పోల్చుకోవచ్చు. కళ్లు మాత్రం కనిపించవు, రెండద్దాలూ తెల్లగా మెరుస్తున్నాయి.

ఆదివారం ఆమె వచ్చింది. ఫోటో చేతికిస్తే కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూసింది.

"అమ్మేనండీ," అంది. మళ్లీ చూసి, "కళ్లజోడుతో ఉందేంటండీ?" అంది.

నేను బల్ల మీది కవర్లు సర్దసాగాను.

"ఇది కాదండీ. మీరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, కళ్లజోడు తీసెయ్యమన్నారట. మంచం పట్టాక కూడా అదే చెప్పేదండీ. 'ఆ ఫోటో రానివ్వవే, నా కళ్లు బాగా పడుంటాయి' అనేది."

"ఆ ఫోటో లేదమ్మా" అన్నాను.

"చెడిపోయిందాండి?"

అవునంటే సరిపోయేది. నెపం రీలు మీదికి నెట్టేసి తప్పించుకోవడం మా వృత్తిలో కొత్త కాదు. వెలుతురు తగిలిందమ్మా అంటే పాపం అనుకుని వెళ్లిపోయేది. కానీ నోరు రాలేదు. లోపలికి వెళ్లి కెమెరా తెచ్చాను. కంటికి ఆనించి ఆమె ఎదురుగానే బొత్తం నొక్కాను. వెలుగొచ్చింది. పైన ఎన్ని ఫోటోలయ్యాయో చూపే అంకె ఆమెకు చూపించాను. కదలలేదు. "మీ అమ్మగారికి కొట్టింది ఇదమ్మా. నా దగ్గర ఐదే మిగిలాయి. ఆవిణ్ణి చూసి... అక్కర్లేదనుకున్నాను."

ఆమెకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక అరుస్తుందనుకున్నాను. అరిస్తే నాకు తేలికయ్యేది. అరవలేదు.

"మరి కళ్లజోడెందుకు తీయించారండీ?" అని అడిగింది.



ఏం చెయ్యాలో తోచక, అద్దం బల్ల మీద ఆ ఏడు నెగెటివులూ చూపించాను. ఆ నల్ల చుక్కలేమిటో చెప్పాను. ఆమె భూతద్దంలోంచి ఒక్కొక్కటీ చూసింది. ఏడోది చూసేటప్పుడు భుజాలు అదిరాయి. కొంగుతో కళ్లొత్తుకుని, ఫోటో సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగింది.

"నావి అమ్మ కళ్లేనంటారండీ అందరూ. నాకొక ఫోటో తీస్తారా? అమ్మ పక్కన పెట్టుకుంటాను." ఒక్క క్షణం ఆగి, "ఈసారి నిజంగా తియ్యండి" అంది.

కొత్త రీలు ఎక్కించాను. ఆమె స్టూలు మీద కూర్చుని, నేను చెప్పకుండానే కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, దాని మీద చెయ్యి కప్పుకుంది. లివర్ తిప్పాను. కొట్టాను.

"పడిందాండి?"

డిజిటలైతే కెమెరా తిప్పి చూపించేవాణ్ణి. రీల్లో చూపించడానికేముంది? నా మాట ఒక్కటే ఉంది. "పడిందమ్మా" అన్నాను. రేపల్లెలో వాళ్లమ్మగారికి చెప్పిన గొంతుతోనే చెప్పాను, నాకున్నది ఆ ఒక్క గొంతే. ఆమె నా మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. స్కూలు ఎక్కడో చెప్పి వెళ్లిపోయింది.

ఒక్క ఫోటో కొట్టిన రీలును అలాగే చుట్టేసి, మిగతాదంతా ఖాళీగా వదిలేసి కడిగించడం నా జన్మలో అదే మొదటిసారి. మర్నాడు పొద్దున ల్యాబ్‌లో పని కానిచ్చుకుని మధ్యాహ్నం బాపట్ల ప్యాసింజరు ఎక్కాను. ఆ తర్వాత కూడా రెండేళ్లు రీలుతోనే తీశాను. ఇష్టం ఇష్టమే, అదెక్కడికీ పోలేదు. కానీ ఫ్లాష్ వెనక బొత్తం మీద ప్లాస్టర్ ముక్క అంటించేశాను. అడిగినవాళ్లకల్లా అసలు ఫోటోయే. సంచిలో రెండు రీళ్లు ఎక్కువ పెట్టుకునేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం బాపట్ల స్కూల్లో ఆమె క్లాసు అయ్యేదాకా వరండాలో నిలబడ్డాను. బయటికొచ్చి, చేతులకంటిన సుద్దపొడి దులుపుకుని కవరు అందుకుంది. తెరవడానికి కాస్త సంకోచించింది. తెరిచి, ఫోటో దగ్గరగా పెట్టుకుని చూసింది.

"కళ్లు బాగా పడ్డాయండీ" అంది.