వాడుకలో ఉన్న నంబరు

ఆ రోజుల్లో కంప్యూటరుకు నెట్ దానంతటదే వచ్చేది కాదు. చాలాచోట్ల మనమే సెట్టింగుల లోపలికి వెళ్లి, నంబర్లు వేసి రప్పించుకోవాలి. ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు కాబట్టి ఎవరో ఒకరు రాసిపెట్టాలి. నేను రాయడమే న్యాయం, తప్పంతా నాదే గనక. పెనుకొండలో మా మేనమామ నెట్ సెంటరులో నాకు అప్పుడే పని దొరికింది. నా అర్హత, హిందూపురం గ్రంథాలయంలో నెట్‌వర్కుల పుస్తకం సగం దాకా చదవడం. (మిగతా సగం అవసరం లేదనిపించింది.) ఆ ధైర్యంతోనే ఉన్న రెండు మిషన్లలో ఒకదాన్ని ఫార్మాట్ చేశాను. నెట్ వేసినాయన చేత్తో పెట్టిపోయిన నంబర్లు కూడా తుడిచిపెట్టుకుపోయాయి.

మరునాడు సాయంత్రం నాలుగున్నరకు కనగానపల్లి పాప ఒకామె అవ్వతో వచ్చి, బాగున్న మిషను ముందు కూర్చుంది. ఇంజనీరింగు సీటు కోసం కాలేజీల జాబితా ఐదింటిలోగా పంపాలి. పంపకపోతే ఆ ఏడాది సీటు లేనట్టే. ఇంతలో ధర్మవరం చీరల అంగడాయన వచ్చి రెండో మిషను పట్టుకున్నాడు.

"ఏమప్పా, దీంట్లో ఏమీ రాలేదే?"

"ఉండన్నా, నంబరెయ్యాల" అన్నాను, పుస్తకం చదివిన ఠీవితో. పాప మిషనులో ఉన్న నంబర్లు చూసి, పొల్లుపోకుండా ఇందులోకి దింపాను. ఈ నంబరు ఇప్పటికే వాడుకలో ఉందని హెచ్చరిక వచ్చింది. వాడుకలో ఉందంటే పనిచేసే నంబరే కదా అని, సంతోషంగా సరే నొక్కాను.

అంగడాయనకు నెట్ వచ్చింది. "అన్నా, నాది పోయె" అంది పాప.

పరుగెత్తి ఆమె మిషనులో అవే నంబర్లు మళ్లీ వేశాను. వచ్చింది. అంగడాయనది పోయింది. అక్కడికి వెళ్లి వేశాను, పాపది పోయింది. మామ ఫోను ఎత్తలేదు. నాలుగూ యాభై అయింది. పాప గడియారం చూస్తూ కూర్చుంది.

అవ్వ మాత్రం నెమ్మదిగా అడిగింది: "నాయనా, నీకు ఈ పని వచ్చునా, మా మింద నేర్చుకుంటాండావా?"

నేను మళ్లీ రెండో మిషను మీదికి వంగుతుండగా అంగడాయన లేచాడు. "నా మిషను పట్టుకోని ఏలాడతాండావు, ఆడ పాపకు టైము అయిపోతాంది. నాది రేపు చూసుకుంటాలేప్పా" అని, వంగి తన మిషను ప్లగ్గు పీకేశాడు.

పాప మిషనులో నంబర్లు ఇంకోసారి వేశాను. "అన్నా, వచ్చె" అంది పాప. ఐదుకు మూడు నిమిషాలుండగా జాబితా వెళ్లింది. రెండు మిషన్లకు ఒకే నంబరు ఉండకూడదని ఆ ఆదివారం పుస్తకం రెండో సగంలో చదివాను.

ప్లగ్గు పీకిన ధర్మవరం అన్నకు, కోప్పడకుండా నిజం అడిగిన అవ్వకు, అంతా విన్నాక కూడా నన్ను పనిలోంచి తీయని మామకు నా కృతజ్ఞతలు. కనగానపల్లి పాపకు మరీను. ఇంజనీరైన ఆమె ఇప్పటికీ ఎక్కడ కనబడినా, "ఆ పొద్దు నువ్వు లేకుంటే ఏమయ్యేదో అన్నా" అంటుంది. నేను లేకుంటే ఆమె పని పది నిమిషాల్లో ముగిసేది. ఆ మాట చెప్పాలనే ప్రతిసారీ నోరు తెరుస్తాను; పుస్తకం చదివిన ఆనాటి నా ఠీవి గుర్తొచ్చి, నవ్వి ఊరుకుంటాను.